బురదకు రెండు మీటర్ల ఎత్తున

ఈ మధ్య మా బంధువుల ఇంట్లో ఒక శుభకార్యం నాడు భోజనాలయ్యాక మాటలు సముద్రగర్భంలోని ఖనిజాల మీదికి మళ్ళాయి. లోహాల పరిశ్రమలో జీవితమంతా పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన మా బాబాయి ఈ విషయం మీద వచ్చే వార్తలన్నీ శ్రద్ధగా చదువుతారు. ఆయన నాతో అన్న మాటలివి: "ఒరేయ్, బ్యాటరీలకు నికెల్ కావాలి, కోబాల్టు కావాలి. నేల మీద తవ్వితే అడవి పోతుంది, ఊళ్ళు లేచిపోతాయి. చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. అయిదు కిలోమీటర్ల లోతున ఆ చీకట్లో ఏముందిరా, బురద తప్ప? అక్కడ తవ్వుకుంటే ఎవరి నోరు కొట్టినట్టు?"

ఆ మాటను తేలిగ్గా తీసేయలేను. గనుల పక్కన బతికే మనుషుల కష్టం ఆయనకు తెలుసు, నాకు తెలియదు. కానీ "బురద తప్ప ఏముంది" అన్న చోట మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. అది ఆయన ఒక్కరి మాట కాదు. చాలామంది చదువుకున్నవాళ్ళు, నిర్ణయాలు తీసుకునే స్థానాల్లో ఉన్నవాళ్ళు కూడా మనసులో అదే అనుకుంటున్నారు. లోతు సముద్రపు అడుగు మనకు ఖాళీగా కనిపిస్తున్నదంటే అందులో సగం తప్పు మనం దించిన పనిముట్లదేనని నా నమ్మకం. ఆ పనిముట్లకు అందకుండా పోతున్నవాటిలో నేలకు కొద్ది మీటర్ల ఎత్తున బతికే చిన్న చిన్న జెల్లీఫిష్‌లు ముఖ్యమైనవి. వాటిని కెమెరాతో చూసి లెక్కించకుండా రాసిన పర్యావరణ నివేదిక ఏదైనా అసంపూర్ణమేననీ, అటువంటి నివేదికను ఆధారం చేసుకుని తవ్వకానికి అనుమతి ఇవ్వకూడదనీ ఈ వ్యాసంలో నా వాదన.

అడుగున తేలే ప్రాణులు

జెల్లీఫిష్ అనగానే మనకు గుర్తొచ్చేవి తీరానికి కొట్టుకొచ్చే తెల్లని ముద్దలు, లేదా కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రానికి నీరు తీసుకునే మార్గాల్లో చేరి ఇబ్బంది పెట్టే గుంపులు. నేను చెప్పబోయేవి వాటికి దూరపు చుట్టాలు మాత్రమే. ఉదాహరణకు బెంథోకోడాన్‌ను తీసుకుందాం. దాని గొడుగు వెడల్పు రెండు మూడు సెంటీమీటర్లు, రంగు ముదురు ఎరుపు, అంచు చుట్టూ సన్నని స్పర్శకాలు వందల సంఖ్యలో ఉంటాయి. కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా ఉన్న లోతుల్లో, సముద్రపు నేలకు దగ్గరగా ఇది తరచుగా కెమెరాలకు కనిపిస్తుంది. సూర్యకాంతి చేరని చోట ఎరుపు రంగు నలుపుతో సమానం కాబట్టి ఈ రంగు దానికి దాక్కోవడానికి పనికొస్తుంది. అంతేకాక, అది మింగిన చిన్న జీవి కడుపులో ఇంకా వెలుగుతూ ఉంటే ఆ వెలుగు బయటకు పొక్కి శత్రువును పిలవకుండా ఈ ముదురు గొడుగు కప్పి ఉంచుతుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

ఈ ప్రాణికి శాస్త్రలోకంలో ఉన్న చరిత్ర చిన్నదే అయినా నా వాదనకు చాలా ముఖ్యమైనది. 1906లో వాయవ్య పసిఫిక్‌లో తిరిగిన ఆల్బట్రాస్ అనే అమెరికన్ నౌక సేకరించిన నమూనాల నుంచి హెన్రీ బిగెలో దీనిని 1913లో వర్ణించి, క్రోసోటా అనే ప్రజాతిలో చేర్చారు. 1990లో లార్సన్, హార్బిసన్ అనే ఇద్దరు పరిశోధకులు అంటార్కిటికాలోని మెక్‌మర్డో జలసంధిలో దొరికిన మరో జాతిని వర్ణిస్తూ బెంథోకోడాన్ అనే కొత్త ప్రజాతిని ఏర్పరచి, పాతదానిని అందులోకి మార్చారు. అంటే పేరు పెట్టిన తరవాత సరైన గూటికి చేరడానికే దానికి 77 ఏళ్ళు పట్టింది. వలలో పడ్డ నమూనాను చూసి గొడుగు ఎంతో, నాళాలు ఎన్నో చెప్పవచ్చు గాని, బతికి ఉండగా అది నేలకు మీటరు ఎత్తున ఉండేదా, వెయ్యి మీటర్ల ఎత్తున ఉండేదా అన్నది చెప్పడం సాధ్యం కాదు.

క్రోసోటా ప్రజాతిలోనే మరొకటి క్రోసోటా మిల్సే. ఎరిక్ థ్యూసెన్ దీనిని 2003లో వర్ణించి, జెల్లీఫిష్‌ల పరిశోధనలో పేరొందిన క్లాడియా మిల్స్ పేరు పెట్టారు. ఇది పిల్లలను కనే జెల్లీఫిష్. తల్లి గొడుగు లోపలి గోడకు అంటుకుని చిన్న చిన్న జెల్లీఫిష్‌లు పెరుగుతాయి, తగినంత ఎదిగాక విడిపోయి ఈదుకుంటూ పోతాయి. మెదడు లేని, ఎముక లేని, నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా నీరే అయిన ఒక ప్రాణి ఆ చలిలో, ఆ ఒత్తిడిలో పిల్లలను ఒడిలో పెట్టుకుని తిరుగుతుందని మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం పక్కన పెట్టి కూర్చున్నాను. ఆర్కిటిక్ ప్రాంతం నుంచి 1878లో వర్ణితమైన టైకోగాస్ట్రియా పోలారిస్ పద్ధతి ఇంకోటి. దాని స్పర్శకాల్లో కొన్నిటికి అంటుకునే గుణం ఉంది. ఈదడం మానుకుని వాటితో రాతిని పట్టుకుని కూర్చుంటుంది. జెల్లీఫిష్ అంటే ప్రవాహం ఎటు తోస్తే అటు పోయేదని మనం పాఠాల్లో చెప్పుకునే మాట ఈ చిన్న ప్రాణుల దగ్గర పూర్తిగా నిలవదు.

2016 ఏప్రిల్ 24న పసిఫిక్‌లో మరియానా ద్వీపాల దగ్గర ఎనిగ్మా అనే సముద్రగర్భ పర్వతం మీద ఓకియానోస్ ఎక్స్‌ప్లోరర్ నౌక వారి యంత్రం చిత్రించిన జెల్లీఫిష్ దృశ్యాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. సుమారు 3,700 మీటర్ల లోతున, పొడవాటివి, పొట్టివి రెండు వరుసల స్పర్శకాలు చాపుకుని, కదలకుండా నిలిచి ఉంది. గొడుగు లోపల ఎర్రని నాళాలు, పసుపు పచ్చగా వెలిగే బీజకోశాల్లాంటి భాగాలు స్పష్టంగా కనిపిస్తాయి. అది కూడా క్రోసోటా ప్రజాతికి చెందినదే కావచ్చని గుర్తించారు. ఆ నిశ్చలత వేట కోసం పొంచి ఉండడమని నిపుణులు వ్యాఖ్యానించారు. ఆ వీడియోను నేను డిగ్రీ విద్యార్థులకు చూపించినప్పుడు, అందరూ దాని అందం గురించి మాట్లాడుతుంటే వెనక వరసలోని ఒక అమ్మాయి, "సార్, ఇలాంటివి అక్కడ ఇంకా ఎన్ని ఉంటాయి?" అని అడిగింది. తరగతి గదిలో నాకు ఎదురైన ప్రశ్నల్లో ఇంత సూటిది మరొకటి లేదు. దానికి అంకెతో జవాబు చెప్పగలిగినవాళ్ళు ప్రపంచంలో ఎవరూ లేరు.

వలకు అందనిది

ఎందుకు లేరో ఆలోచిస్తే విషయం అర్థమవుతుంది. శతాబ్దానికి పైగా లోతు సముద్రాన్ని మనం రెండు రకాల పనిముట్లతో తెలుసుకున్నాం. బురదను పెట్టెలా కోసి పైకి తెచ్చే యంత్రాలు ఒక రకం. నీటిని వడకట్టే వలలు రెండో రకం. బురద తెచ్చే యంత్రానికి పురుగులు, చిన్న పీతల వంటివి, నత్తలు దొరుకుతాయి. నేలకు మీటరు పైన తేలేది ఆ యంత్రం దిగేటప్పుడు పుట్టే నీటి తోపుకే పక్కకు పోతుంది. వలతో జెల్లీఫిష్‌ను పట్టడమంటే జల్లెడతో పెరుగు ఎత్తడమే. కిలోమీటర్ల ఎత్తు లాగి నౌక మీదికి చేర్చేసరికి మిగిలేది నురగ, కొన్ని తునకలు. పరిశోధన నౌకల మీద పనిచేసిన నా పరిచయస్థుడొకరు చెప్పినదాని ప్రకారం, ఆయన వెళ్ళిన యాత్రలో నమూనాలు వేరు చేసే బల్ల మీద ప్రతి రొయ్యపిల్లకూ ఒక సీసా, ఒక చీటీ ఉండేవట. జెల్లీ తునకలకు మాత్రం మొత్తం ఎన్ని మిల్లీలీటర్లో ఒక గీత రాసి, వాటిని తిరిగి సముద్రంలో పోసేసేవారట. అందులో ఎవరి దోషమూ లేదు. ఆ తునకలతో చేయగలిగింది అంతకంటే లేదు.

కెమెరా వచ్చాక మారిన చిత్రం ఎంత పెద్దదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. డేవిడ్ ప్యాకార్డ్ 1987లో స్థాపించిన మాంటెరే బే పరిశోధన సంస్థ తన జలాంతర యంత్రాలతో తీసిన 27 సంవత్సరాల వీడియోలను తిరగేసి, ఏ ప్రాణి ఏ ప్రాణిని తింటుండగా కనిపించిందో 743 సందర్భాలను గుర్తించి, అనెలా చోయ్ తన సహచరులతో కలిసి 2017లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అంతకుముందు ఆహార జాలం బొమ్మల్లో ఒక మూలన ఉండే జెల్లీ ప్రాణులు అందులో ప్రధాన వేటగాళ్ళుగా తేలాయి. చేపల కడుపులు కోసి చూసే పాత పద్ధతిలో వాటి జాడ దొరకకపోవడానికి కారణం, అవి కడుపులో చాలా త్వరగా కరిగిపోవడమే. అయితే ఆ పరిశోధన ప్రధానంగా మధ్య నీటికి, అంటే ఉపరితలానికీ నేలకూ నడుమ ఉన్న నీటికి, సంబంధించినది. నేలను ఆనుకుని ఉన్న చివరి పది మీటర్ల గురించి అంత ఓపికతో తీసిన వీడియో భాండారం చాలా తక్కువ చోట్ల ఉంది.

ఇక మొత్తం మీద మనం చూసినదెంత? కేటీ క్రాఫ్ బెల్, సహచరులు 1958 నుంచి జరిగిన సుమారు 44,000 మునకల వివరాలను కూర్చి 2025లో ఇచ్చిన లెక్క ప్రకారం, లోతు సముద్రపు నేలలో మనిషి కంటితో గాని కెమెరాతో గాని చూసినది 0.001 శాతానికి లోపే. అందులోనూ అత్యధిక భాగం అమెరికా, జపాన్, న్యూజీలాండ్ తీరాలకు దగ్గరలోనిది. హిందూ మహాసముద్రం నడిమి మైదానాలు ఆ లెక్కలో దాదాపు లేనట్టే. ఇంత తక్కువ చూసినవాళ్ళం "ఏమీ లేదు" అనడానికి అర్హులం కాము.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని నిజాయితీగా చెప్పుకోవాలి. కెమెరా కూడా నిష్పక్షపాతమైన సాక్షి కాదు. చీకట్లో పుట్టి పెరిగిన ప్రాణుల మీద ఒక్కసారిగా పెద్ద దీపాలు పడితే కొన్ని పారిపోతాయి, కొన్ని దగ్గరికొస్తాయి. యంత్రపు మోటార్ల చప్పుడు, అవి లేపే నీటి కదలిక వేరే. రెండు సెంటీమీటర్ల పారదర్శక ప్రాణి దీపం వెలుగులో మెరిసే రజను మధ్య తప్పిపోవడం కూడా తేలికే. వర్గీకరణ శాస్త్రవేత్తలకు ఇంకో ఇబ్బంది ఉంది: చేతికి నమూనా లేకుండా వీడియోను బట్టి కొత్త జాతిని ప్రకటించడం ఎంతవరకు సబబు? 2020లో డువోబ్రాకియం స్పార్క్‌సే అనే దువ్వెన జెల్లీని పోర్టోరికో దగ్గర దాదాపు 3,900 మీటర్ల లోతున తీసిన వీడియోను మాత్రమే ఆధారంగా చేసుకుని ప్రకటించారు. అది జెల్లీఫిష్‌కు సోదర వర్గం కాదు గాని, బతుకు తీరులో దగ్గరిదే. నేలకు కొద్దిపాటి ఎత్తున తేలుతూ కనిపించింది. ఆ నిర్ణయం మీద విమర్శకు చోటుంది. అయినా నా దృష్టిలో వీడియో ఇచ్చే లెక్క తప్పులతో కూడిన లెక్క, వల ఇచ్చేది అసలు లెక్కే కాదు. మొదటిదాన్ని సరిచేసుకుంటూ పోవచ్చు.

రెండు మీటర్ల లెక్క

తవ్వకాన్ని సమర్థించేవారి వాదనల్లో శాస్త్రీయంగా బలమైనదాన్ని ఇప్పుడు ముందుకు తెస్తాను, ఎందుకంటే నా వాదన అంతా దానితో ముడిపడి ఉంది. తవ్వకందారులు కోరేది నాడ్యూల్స్, అంటే లోతు సముద్రపు నేల మీద పరచుకుని ఉండే, నికెల్, కోబాల్టు వంటి లోహాలున్న ముద్దలు. వాటిని సేకరించే యంత్రం నేల మీద పాకుతూ పోతే వెనక బురద మేఘం లేస్తుంది. అది వందల కిలోమీటర్లు వ్యాపించి అంతటినీ కప్పేస్తుందని పర్యావరణవాదులు చాలాకాలంగా భయపడుతున్నారు. 2021లో పసిఫిక్‌లోని క్లారియన్-క్లిప్పర్టన్ ప్రాంతంలో సుమారు 4,500 మీటర్ల లోతున పటానియా-2 అనే ప్రయోగాత్మక యంత్రాన్ని నడిపినప్పుడు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు ఆ మేఘాన్ని దగ్గరగా కొలిచారు. లేచిన బురదలో 92 నుంచి 98 శాతం నేలకు రెండు మీటర్ల లోపలే ఉండిపోయిందని వారు 2022లో ప్రకటించారు. పైకి ఎగసి దూరం పోయేది అనుకున్నదానికంటే తక్కువ.

ఇది మంచి పరిశోధన. దాన్ని నేను శంకించడం లేదు. దీన్ని ఉటంకిస్తూ "చూశారా, బురద కిందనే ఉండిపోతుంది కాబట్టి పైన నీటికి ప్రమాదం లేదు" అనేవారు ఆ "కింద" ఎవరి ఇల్లో అడగడం లేదు. బెంథోకోడాన్ వంటి ప్రాణులు తిరిగేది సరిగ్గా ఆ మీటర్లలోనే. మేఘం పలచబడి పైకి పోయి ఉంటే మధ్య నీటి ప్రాణులకు నష్టం. చిక్కగా కిందనే ఉంటే నేలను ఆనుకుని బతికేవాటికి నష్టం. భౌతిక శాస్త్రవేత్తలకు శుభవార్త అయిన అంకె ఈ చిన్న జెల్లీఫిష్‌ల విషయంలో శుభవార్త కాదు. ఆ రెండు మీటర్లలో ఏయే ప్రాణులు, ఎంత సాంద్రతతో ఉన్నాయో ముందే తెలిసి ఉంటే ఆ అంకెకు పూర్తి అర్థం వచ్చేది.

బురద నీటిలో జెల్లీఫిష్‌కు ఏమవుతుందో కొంత తెలుసు. వెనెస్సా స్టెన్వర్స్, హెంక్-యాన్ హోవింగ్ బృందం నార్వేలో పెరిఫిల్లా అనే ముదురు ఎరుపు జెల్లీఫిష్‌ల మీద ప్రయోగం చేసి 2023లో ఫలితాలు ప్రచురించింది. నౌక మీది తొట్లలో ఉంచి, లీటరు నీటికి వేర్వేరు మోతాదుల్లో, అత్యధికంగా 333 మిల్లీగ్రాముల వరకు, మట్టి కలిపారు. గొడుగు మీద మట్టి అంటుకున్న కొద్దీ ఆ ప్రాణులు జిగురును విపరీతంగా స్రవించాయి. అత్యధిక మోతాదులో వాటి శ్వాసక్రియ రేటు సుమారు రెట్టింపయింది. నీటిని నాలుగు డిగ్రీలు వేడి చేసినప్పటి ఒత్తిడి కంటే మట్టి కలిగించిన ఒత్తిడే ఎక్కువగా ఉంది. తిండి అరుదుగా దొరికే చోట బతికే ప్రాణి జిగురు తయారీకే శక్తినంతా ఖర్చు చేస్తే ఆకలితో చస్తుంది.

అయితే ఈ ప్రయోగాన్ని నేరుగా బెంథోకోడాన్‌కు అన్వయించడం తొందరపాటే. పెరిఫిల్లా పెద్దది, మధ్య నీటిలో బతికేది, జీవితంలో మట్టిని చూడనిది. నేల దగ్గర బతికేవాటికి అప్పుడప్పుడు ప్రవాహాలు లేపే బురద అలవాటై ఉండవచ్చు. మట్టిని దులుపుకునే ఉపాయం వాటికి ఉందేమో కూడా. నాకు ఈ అనుమానం బలంగానే ఉంది. దానికి నేను చెప్పుకునే సమాధానం ఇది: నాడ్యూల్స్ ఉన్న మైదానాలు ప్రపంచంలోనే అతి తేటైన నీరు గల చోట్లు. అక్కడ వెయ్యేళ్ళకు కొన్ని మిల్లీమీటర్ల మన్ను మాత్రమే పేరుకుంటుంది, నాడ్యూల్ పది లక్షల ఏళ్ళకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. అటువంటి చోట అలవాటైన బురద ఎంతో, యంత్రం ఒక్క గంటలో లేపే బురద ఎంతో పోల్చి చూస్తే అలవాటు అన్న వాదన బలహీనపడుతుంది. సరైన జవాబు మాత్రం ప్రయోగంతోనే రావాలి. సరైన ప్రాణిని పట్టుకుని, సరైన లోతులో చేసిన ప్రయోగం కావాలి.

గుంపులు గుంపులుగా పెరిగేవి కావు

"జెల్లీఫిష్‌లకు ఏం ఢోకా? సముద్రాలు పాడైన కొద్దీ అవే పెరుగుతున్నాయట కదా" అని కూడా బాబాయి అన్నారు. ఈ మాట పత్రికలన్నీ చెప్పేదే. కొన్ని తీరాల విషయంలో, కొన్ని జాతుల విషయంలో అందులో నిజం ఉంది. తీరపు జెల్లీఫిష్‌లు చాలావాటికి జీవితంలో రెండు దశలుంటాయి. నేలకో రాతికో అంటుకుని ఉండే పాలిప్ దశలో అవి ఏళ్ళ తరబడి ఓపిక పట్టగలవు, అదను దొరికినప్పుడు ఒక్కొక్క పాలిప్ నుంచి అనేక జెల్లీఫిష్‌లు విడిపోతాయి. ఓడరేవుల గోడలు, వంతెనల స్తంభాలు వాటికి అదనపు ఇళ్ళు. అందుకే హఠాత్తుగా గుంపులు కనిపిస్తాయి.

బెంథోకోడాన్, క్రోసోటా వంటివి ట్రాకీమెడూసాలనే వర్గానికి చెందినవి. వీటికి పాలిప్ దశ లేదు. జెల్లీఫిష్ నుంచి నేరుగా జెల్లీఫిష్ పుడుతుంది. అంటే కష్టకాలంలో తలదాచుకునే దశ వీటి జీవితంలో లేదు, మంచి రోజులు రాగానే వేలల్లో పుట్టుకొచ్చే ఏర్పాటూ లేదు. క్రోసోటా మిల్సే వలె గొడుగులో పిల్లలను పెంచేదైతే మరీ నెమ్మది. తల్లి బురదలో కూరుకుపోతే పిల్లలూ పోతాయి. తీరపు జాతుల మొండితనాన్ని చూసి లోతు జాతులకు భరోసా ఇవ్వడం, ఎలుకలు బాగా బతుకుతున్నాయి కాబట్టి అడవిలోని క్షీరదాలన్నీ క్షేమమని చెప్పడం వంటిది.

గాయం మానడానికి పట్టే కాలం గురించి కూడా ఆధారాలున్నాయి. 1989లో జర్మన్ శాస్త్రవేత్తలు పెరూ ఎదుటి లోతుల్లో నేలను దున్ని వదిలిన చాళ్ళు 26 ఏళ్ళ తరవాత 2015లో వెళ్ళి చూస్తే నిన్న దున్నినట్టే ఉన్నాయి. క్లారియన్-క్లిప్పర్టన్‌లో 1979లో జరిగిన ఒక పరీక్ష జాడలు నాలుగు దశాబ్దాలు దాటినా అలాగే ఉన్నాయని, అయితే కొన్ని రకాల ప్రాణులు తిరిగి చేరడం మొదలైందని 2025లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఆ రెండో సంగతిని దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. కొన్ని ప్రాణులు తిరిగి వస్తాయి. ఎవరు వస్తారు, ఎవరు రారు అన్నది ముందున్న హాజరు పట్టీని బట్టి కదా తేలాలి! క్లారియన్-క్లిప్పర్టన్ నేల మీది ప్రాణుల జాబితాను 2023లో కూర్చినప్పుడు 5,578 జాతులు లెక్కకొచ్చాయి, వాటిలో 88 నుంచి 92 శాతానికి ఇంకా శాస్త్రీయ నామమే లేదు. అది నేల మీదివాటి సంగతి. నేలకు జానెడు, మూరెడు పైన తేలేవాటికి అటువంటి జాబితా కూడా లేదు.

పేరు లేకపోతే ఏం నష్టమని అడగవచ్చు. జపాన్‌లో జరిగినది చూడండి. టోక్యోకు దక్షిణంగా సుమిసు అనే సముద్రగర్భ అగ్నిపర్వతపు గుంటలో, సుమారు 800 మీటర్ల లోతున, 2002లో ఒక జెల్లీఫిష్‌ను పట్టారు. 2020లో అక్కడే మరొకటి కనిపించింది. పది సెంటీమీటర్ల వెడల్పు, దాదాపు 240 స్పర్శకాలు, మధ్యలో ఎర్రని శిలువ ఆకారపు జీర్ణకోశం. రెండంటే రెండే. మామూలుగా అయితే మరిన్ని నమూనాలు దొరికేదాకా ఆగుతారు. కానీ ఆ గుంట ఖనిజాలున్న చోటు, తవ్వకానికి అవకాశమున్న చోటు కావడం వల్ల, అక్కడ ఇటువంటి ప్రాణి ఉందని లోకానికి తెలియజేయడం కోసం ఉన్నదానితోనే శాంట్‌జోర్డియా పగేసి అనే పేరుతో 2023లో ప్రకటించారు. పేరు లేని ప్రాణిని ఏ చట్టమూ కాపాడలేదు, ఏ నివేదికలోనూ దానికి ఒక వరస కేటాయించలేరు. ఆ శాస్త్రవేత్తల నిర్ణయం నాకు ఎంతో గౌరవనీయంగా తోచింది.

మన 75,000 చదరపు కిలోమీటర్లు

ఇదంతా పరాయి దేశాల గొడవ కాదు. 1981 జనవరి 26న గవేషిణి నౌక హిందూ మహాసముద్రం నుంచి మొదటి నాడ్యూల్స్ పైకి తెచ్చింది. 1987లో ప్రపంచంలోనే అందరికంటే ముందు మన దేశం మార్గదర్శక మదుపరి (పయనీర్ ఇన్వెస్టర్) హోదా, అంటే సముద్రగర్భ ఖనిజాలను అన్వేషించేందుకు అంతర్జాతీయ గుర్తింపు, పొందింది. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల నేలలో అన్వేషించే హక్కు ఈనాడు మనదే. అది తెలంగాణ విస్తీర్ణంలో మూడింట రెండు వంతులు. 2021లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వరాహ అనే సేకరణ యంత్రాన్ని అక్కడ 5,270 మీటర్ల లోతున నడిపి చూసింది. అదే ఏడాది 4,077 కోట్ల రూపాయలతో లోతు సముద్ర మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ముగ్గురు మనుషులను 6,000 మీటర్లకు తీసుకుపోయే మత్స్య 6000 అందులో భాగం. ఈ ఇంజనీర్ల పనితనం చూసి నాకు గర్వంగా ఉంటుంది. ఈ వ్యాసం వారికి వ్యతిరేకం కాదు.

మనవాళ్ళు పర్యావరణాన్ని పట్టించుకోలేదనీ అనలేను. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 1997లోనే మధ్య హిందూ మహాసముద్రపు నేల మీద కొంత మేర కావాలని బురద లేపి, ముందు ఎలా ఉంది, తరవాత ఎలా ఉంది అని పరీక్షించింది. ఆ రోజుల్లో అటువంటి పని చేసిన దేశాలు వేళ్ళ మీద లెక్కించదగినన్నే. అందులోంచి వచ్చిన ఫలితాల్లో నేను చదివినవి ప్రధానంగా మన్ను, సూక్ష్మజీవులు, బురదలోని పురుగుల గురించి. ఆ కాలపు పనిముట్లకు అందేవి అవే. ఏ దేశానికీ చెందని సముద్రపు నేలలో ఖనిజాల పనిని నియంత్రించే అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ మార్గదర్శకాలు నీటి ప్రాణులను కూడా అధ్యయనం చేయమంటున్నాయి కదా, ఇక కొత్తగా అడిగేదేమిటని ఒక మిత్రుడు నాతో వాదించాడు. అధ్యయనం చేయమనడం వేరు, వలతో చేసినదాన్ని జెల్లీ ప్రాణుల విషయంలో అధ్యయనంగా ఒప్పుకోకపోవడం వేరు. నేను అడిగేది రెండోది.

1950లలో విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్ర విభాగంలో పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు తీరపు నీటిలోని హైడ్రోమెడూసాలు (బెంథోకోడాన్ వంటివి కూడా చేరే చిన్న జెల్లీఫిష్‌ల వర్గం) ఏ ఋతువులో ఏవి వస్తున్నాయో ఓపికగా నమోదు చేశారు. తీరం దగ్గర చిన్న వలలతో, సూక్ష్మదర్శినితో చేయగలిగిన పని అది. లోతులో దానికి సమానమైన పనికి కావలసిన కన్ను మన దగ్గర 2010 నుంచి ఉంది. ఆ ఏడాది రోసబ్ 6000 అనే మానవరహిత యంత్రాన్ని మధ్య హిందూ మహాసముద్రంలో 5,289 మీటర్ల లోతుకు దించారు.

ఎంతకాలం చూడాలి, ఎన్ని గంటల వీడియో తీస్తే చాలు అన్నది కష్టమైన ప్రశ్న. ఋతుపవనాలకు ముందూ తరవాతా పైనుంచి రాలే ఆహారం మారుతుంది కాబట్టి ఒకే నెలలో తీసినది చాలదు. నేలకు ఒక మీటరు, మూడు మీటర్లు, పది మీటర్ల ఎత్తున ఒకే దారిలో యంత్రాన్ని నడిపి, అదే దారిని వేరే ఋతువులో మళ్ళీ నడపాలి. దీపాలు తగ్గించి కొన్నిసార్లు, ఎర్రని దీపాలతో కొన్నిసార్లు తీయాలి. తవ్వబోయే ముక్కలో తీసినంత వీడియోను తవ్వకుండా వదిలే ముక్కలోనూ తీయాలి. ఇవి పూర్తయ్యేదాకా అన్వేషణ ఒప్పందం తవ్వకపు ఒప్పందంగా మారకూడదు. "బ్యాటరీలు అప్పటిదాకా ఆగుతాయా?" అని బాబాయి అడిగారు. అంతర్జాతీయ నియమావళే ఇంకా ఖరారు కాలేదు, ముప్ఫైకి పైగా దేశాలు తాత్కాలికంగా ఆపమని కోరుతున్నాయి. ఆ వ్యవధి ఎలాగూ ఉంది. అందులో ఈ పని చేసుకోవచ్చు. నేల మీది గనుల బాధితుల పట్ల ఆయనకున్న ఆవేదన నిజమైనది. కానీ సముద్రంలో తవ్వినంత మాత్రాన నేల మీది గనులు మూతపడతాయని హామీ ఇచ్చినవారెవరూ నాకు కనిపించలేదు.

వీటన్నిటికంటే ముందు, పైసా అదనపు ఖర్చు లేకుండా చేయగలిగినది ఒకటుంది. 2010 నుంచి ఇప్పటిదాకా మన యంత్రాలు నేలకు దగ్గరగా తీసిన దృశ్యాలన్నీ, నాడ్యూల్స్ కోసం తీసినవైనా, యంత్రం చక్రాలు సరిగ్గా తిరుగుతున్నాయా అని చూసుకోవడానికి తీసినవైనా, తేదీ, లోతు, స్థలం వివరాలతో బయటపెట్టాలి. ఖనిజ నిల్వల రహస్యం బయటపడుతుందనుకునే భాగాలను తీసేసి ఇచ్చినా సరే. దేశపు సముద్ర సమాచారాన్ని భద్రపరిచే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది, దానికి ఆ పని కొత్త కాదు. ఆ దృశ్యాల అంచుల్లో, దీపపు వెలుగు పలచబడే చోట, ఎవరూ వెతకని చిన్న ఎర్రని గొడుగులు ఉన్నాయో లేదో మా కళాశాల విద్యార్థుల వంటివాళ్ళు వందలమంది కూర్చుని గుర్తుపెట్టగలరు. నేను ఈ మేరకు సంబంధిత శాఖకు ఉత్తరం రాశాను. చదివినవాళ్ళలో సముద్ర శాస్త్రంతో సంబంధం ఉన్నవారుంటే మీరూ రాయండి.